యూనిఫాం లేనివాళ్ళ కోసం రాసిన చట్టం

1937 ఫాల్గుణ మాసం. కోరుకొండ తీర్థం జోరు మీదుంది. మీరు కొండ కింద, జీళ్ళ కొట్టు పక్కన నిలబడి ఉన్నారు. తలెత్తితే నిటారుగా మెట్లు, మెట్ల పైన లక్ష్మీనరసింహస్వామి. ఎక్కి దిగొచ్చిన ఆడవాళ్ళు పిక్కలు పట్టుకుని చెట్టు నీడన కూలబడుతున్నారు. రథం దగ్గర జనం విరగబడి ఉన్నారు. రాజమండ్రి నుంచీ, గోకవరం వైపు నుంచీ వచ్చిన ఎడ్లబళ్ళు రోడ్డు వారన కాడి దించి ఉన్నాయి. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

జీళ్ళ కొట్టు వెనకాల ఒకాయన నలుగురు కుర్రాళ్ళని చుట్టూ నిలబెట్టుకుని మాట్లాడుతున్నాడు. తెల్లటి పంచె, చేతికి గడియారం, కాళ్ళకి చెప్పులు. పక్క ఊరివాడే, కానీ ఇప్పుడు మలయాలో కంగాణీ. దొర తోటకి మనుషుల్ని తీసుకెళ్ళే లైసెన్సు ఉంది.

"అందరూ రంగం రంగం అంటారేంట్రా అబ్బాయ్? రంగూన్‌లో మిల్లుల దగ్గరా, రేవులోనూ బస్తాలు మోసి నడుం విరగ్గొట్టుకోవడమేగా! మలయా అయితే కొబ్బరితోట. నీడపట్టున పని. రోజుకి యాభై సెంట్లు. ఇల్లు దొరే ఇస్తాడు."

"మా అమ్మ ఒప్పుకోదండి."

"ఒప్పుకోకేం చేస్తుందిరా? మీ చేను రెండేళ్ళ బట్టి పండలేదు. మూడేళ్ళు కళ్ళు మూసుకో. మళ్ళీ తీర్థానికి రవ్వంత బంగారంతో దిగుతావు."

ఆ కుర్రాణ్ణి బాగా చూడండి. పద్దెనిమిదేళ్ళుంటాయి. ఈ వ్యాసం అంతా మీరు అతని వెనకాలే నడవాలి. అతనికి నేను పేరు పెట్టను. అతను ఫలానా ఇంటివాడని కూడా చెప్పను. అతను గోదావరి, విశాఖపట్నం జిల్లాల్లోంచి అలా వెళ్ళిన వేలమందికి నేను ఇచ్చిన రూపం. వాళ్ళకి జరిగింది మాత్రం కల్పన కాదు. పేరు ఎందుకు పెట్టనంటే, చివరికి వాళ్ళ పేర్లు ఎక్కడా మిగల్లేదు. నేనిప్పుడు ఒకటి తగిలిస్తే ఆ లోటు పూడినట్టు అనిపిస్తుంది. అది పూడలేదు.

అయితే ప్రయాణం మొదట్లో అతని పేరు చాలా చోట్ల రాశారు. కంగాణీ తీసుకెళ్తున్న మనిషి ఇష్టపడే వెళ్తున్నాడని మునసబు గారి సంతకం కావాలి. అక్కడో పేరు. రాజమండ్రిలో రైలెక్కి మద్రాసులో దిగితే ఆవడి క్యాంపు. టీకాలు వేస్తారు, రోగాలేమైనా ఉన్నాయేమో చూస్తారు. అక్కడ ఇంకో పేరు. 'రజూలా' ఓడ డెక్కు మీద బంగాళాఖాతం దాటి పినాంగులో దిగితే క్వారంటీన్ పుస్తకంలో మళ్ళీ పేరు. కింది పెరాక్‌లో బాగన్ దాతో దగ్గర, తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న కొబ్బరితోటల్లో ఒకదాని చెక్‌రోల్‌లో, అంటే హాజరు పుస్తకంలో, రోజూ పొద్దున్నే పేరు. పని కావలసినప్పుడు ప్రపంచం మనిషి పేరుని ఎంత జాగ్రత్తగా రాసుకుంటుందో చూశారు కదా.

1938 జూన్‌లో, తోటల యజమానులు కూలి తగ్గించారన్న కోపంతో, భారత ప్రభుత్వం మలయాకి కూలీల వలస ఆపేసింది. మనవాడు అప్పటికే అవతల ఒడ్డున ఉన్నాడు. మూడేళ్ళు అయ్యాయి, తిరిగి రాలేదు. 1941 డిసెంబరులో పినాంగు మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. ఏప్రిల్ 6న ఇక్కడ విశాఖ మీదా, కాకినాడ మీదా కూడా జపాన్ విమానాలు బాంబులు వేశాయి. కాకినాడలో బాంబు పడిందన్న కబురు కోరుకొండకి ఒక్క పూటలో చేరి ఉంటుంది. మలయాలో ఉన్న కొడుకు కబురు మాత్రం ఇక రాలేదు. ఆ సముద్రం మీద టపా ఆగిపోయింది.

ఇప్పుడు 1943 ఏప్రిల్. తోటలు పడకేశాయి. కొనే ఓడలు లేవు, బియ్యం లేదు, కూలి లేదు. జనం కర్రపెండలం తిని బతుకుతున్నారు. ఒక సాయంత్రం తోట ఆఫీసు ముందు కిరాణీ, అంటే గుమాస్తా, కాగితం చదువుతున్నాడు. సయాంలో (ఇప్పటి థాయ్‌లాండ్) రైలు దారి పని, మూడు నెలలు, రోజుకి ఒక డాలరు, బియ్యం ఉచితం, పెళ్ళాం పిల్లల్ని కూడా తెచ్చుకోవచ్చు. కొందరు నమ్మి వెళ్ళారు, కొందరు ఆకలికి వెళ్ళారు. రానివాళ్ళ కోసం వేరే పద్ధతులున్నాయి. తోటకి ఇన్ని తలలని లెక్క కట్టేవారు. రాత్రిపూట లారీలు వచ్చేవి. ఉచిత సినిమా అని పిలిచి, హాలు తలుపులు మూసి, నేరుగా స్టేషన్‌కి తరలించిన సంగతీ బతికొచ్చినవాళ్ళు చెప్పారు.

గూడ్సు వ్యాగన్. ఇనప గోడలు. పగలు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, రాత్రి ఒళ్ళు గడ్డకడుతుంది. వ్యాగనుకి ముప్పై మంది దాకా. కాళ్ళు చాపుకోవడానికి వంతులు వేసుకున్నారు. నాలుగైదు రోజులకి సయాంలో బాన్ పాంగ్ వచ్చింది. దిగమన్నారు. ఇక్కడే మీరు ఒకటి గమనించాలి. దిగినవాళ్ళని లెక్కపెట్టారు. పేర్లు అడగలేదు.

అక్కణ్ణుంచి నడక. ఖ్వే నోయి నది ఒడ్డునే అడవిలోకి, ఎగువకి. బాన్ పాంగ్ దగ్గర నాంగ్ ప్లాడుక్ నుంచి బర్మాలో తంబ్యుజయట్ దాకా 415 కిలోమీటర్ల రైలు దారి వెయ్యాలి. బర్మాలో ఉన్న జపాన్ సైన్యానికి సరుకులు సముద్రం మీద వెళ్తుంటే శత్రు జలాంతర్గాములు ముంచేస్తున్నాయి. అందుకని కొండల్లోంచి దారి. 1942లో మొదలుపెట్టారు, 1943 చివరికి పూర్తి కావాలని టోక్యో ఆజ్ఞ. పట్టాలు చాలావరకు మలయాలోనే ఉన్న రైలు దారుల్ని పీకి తెచ్చినవి.

అది రెండు రకాల మనుషులు కట్టిన దారి. మొదటి రకం యుద్ధ ఖైదీలు. బ్రిటిష్, ఆస్ట్రేలియన్, డచ్ సైనికులు, కొద్దిమంది అమెరికన్లు, మొత్తం 60,000కు పైగా. రెండో రకం కూలీలు. బర్మావాళ్ళు, జావావాళ్ళు, మలయీలు, చైనావాళ్ళు, మలయా తోటల నుంచి తెచ్చిన తమిళులు, వాళ్ళతోపాటు తెలుగువాళ్ళు, మలయాళీలు. రెండు లక్షలకి అటూ ఇటూగా ఉంటారని అంచనా. ఎందుకు అంచనా అంటున్నానో మీకు తెలుసు.

మే నెల చివర. వాన పట్టుకుంది. సయాం అడవిలో వాన మన గోదావరి వాన లాంటిది కాదు. నెలల తరబడి తెరిపి ఇవ్వదు. వెదురు పాక పైకప్పు సగమే ఉంది. పడుకునే వెదురు తడికల కింద మోకాలి లోతు బురద. తెల్లారకముందే గునపాలూ తట్టలూ పట్టుకుని వెళ్ళాలి. బండరాయి ఉన్నచోట ఒకడు ఇనప ఊచ పట్టుకుని కూచుంటాడు, ఇంకొకడు సమ్మెటతో దాని నెత్తిన కొడతాడు. కొట్టినప్పుడల్లా ఊచని కొంచెం తిప్పాలి. అర చెయ్యి లోతు బెజ్జం పడితే మందు కూరి పేలుస్తారు. పేలిన రాళ్ళు తట్టల్లో మోసి లోయలో పొయ్యాలి. చీకటి పడితే వెదురు మంటలు వేసి పని చేయించారు. ఇంజనీర్లు అరిచే మాట ఒక్కటే. తొందరగా, తొందరగా.

మనవాడి కుడికాలికి వెదురు ముల్లు గీరుకుంది. చిన్న గీత. వారంలో అది పుండయింది, మరో వారంలో ఎముక కనిపించింది. తినడానికి పురుగుల బియ్యం, ఎండు ముల్లంగి. మందు లేదు, డాక్టరు లేడు. ఖైదీల క్యాంపుల్లో పరిస్థితి భయంకరంగా ఉన్నా వాళ్ళలో వాళ్ళకి డాక్టర్లున్నారు, సైనిక క్రమశిక్షణ ఉంది, నీళ్ళు మరగబెట్టి తాగాలన్న ఆజ్ఞ ఉంది. ఎవరు ఏ రోజు ఎలా పోయారో దాచిపెట్టిన కాగితాల మీద రాసుకున్న అధికారులున్నారు. కూలీ పాకల్లో అవేవీ లేవు. తోటలో ఎవరి కింద వాళ్ళు పనిచేసుకున్న మనుషుల్ని, భాషలు వేరైన మనుషుల్ని, పెళ్ళాం పిల్లలతో సహా తెచ్చి అడవిలో పారేశారు.

కలరా వచ్చింది. నది పక్కన ఒక పాక దగ్గర ఆగండి. వాసనకి ముక్కు మూసుకోవాలనిపిస్తుంది, మూసుకోకండి. లోపల వరసగా పడుకున్నవాళ్ళలో ఎవరు బతికున్నారో బయటినుంచి తెలియదు. పొద్దున బాగున్నవాడు సాయంత్రానికి ఒళ్ళంతా ముడుచుకుపోయి, కళ్ళు లోపలికి పోయి, నీళ్ళు నీళ్ళు అంటాడు. నీళ్ళు ఇచ్చే మనిషి భయపడి అడవిలోకి పారిపోయాడు. పారిపోయినవాడు ఏ చెట్టు కిందో పోతాడు. పోయినవాళ్ళని నదిలోకి తోసేశారు, గోతిలో పడేశారు, వెదురు పేర్చి తగలబెట్టారు. అన్ని వేల చావులకి నోరారా ఏడ్చే మనిషి పక్కన లేడు. నీళ్ళు వదిలే కొడుకు లేడు. కోరుకొండలో తల్లికి తెలియదు కాబట్టి ఆమె దినం కూడా చెయ్యలేదు. ఈ వాక్యం రాస్తుంటే నా చెయ్యి ముందుకు సాగట్లేదు.

ఆ ఏడాది మధ్యలో సింగపూర్ నుంచి కె ఫోర్స్, ఎల్ ఫోర్స్ అని ఖైదీల్లోని వైద్య సిబ్బందిని కూలీ క్యాంపులకి పంపారు. ఆ డాక్టర్లూ, సైనికులూ తాము చూసింది తర్వాత చెప్పారు కాబట్టే పైన రాసినదాంట్లో చాలా భాగం లోకానికి తెలిసింది.

1943 అక్టోబరు 17న కొన్‌కొయిటా దగ్గర రెండు వైపుల పట్టాలూ కలిశాయి. ఖైదీల్లో 12,000కు పైగా చనిపోయారు. కూలీల్లో 90,000 దాకా పోయి ఉంటారని అంచనా. ఈ రోజు మీరు కాంచనబురి వెళ్తే, ఖైదీల సమాధులు దాదాపు 7,000 వరసగా, చాలావరకు పేర్లతో, పచ్చిక మధ్య కనిపిస్తాయి. అలా ఉండటం సబబే. అదే ఊళ్ళో 1990లో పొలం తవ్వుతుంటే వందల అస్థిపంజరాలు బయటపడ్డాయి. అవి కూలీలవని తేల్చారు. ఎవరివో మాత్రం తేలలేదు.

ఇక చట్టం సంగతి. మనవాడు ఏ చట్టం నీడలో ఉన్నాడు? అక్కడే, ఆ పాక ముందే నిలబడి ఆలోచించండి. పక్క క్యాంపులో ఖైదీకి 1929 జెనీవా ఒప్పందం ఉంది. జపాన్ సంతకం చేసి ఆమోదించకపోయినా, దాన్ని వీలైనంత మేర పాటిస్తామని మాట ఇచ్చింది. సైనికుడు కాబట్టి అతనికి ఒక నంబరు, హోదా, వెనక ఒక దేశం ఉన్నాయి. మనవాడు సైనికుడు కాదు. 1907 హేగ్ నియమాల్లో ఆక్రమించిన ప్రాంతపు జనం చేత పని చేయించుకోవడం గురించి నాలుగు ముక్కలున్నాయి గానీ, వాళ్ళు ఒప్పందం మీద వచ్చారు, కూలి ఇచ్చాం అని జపాన్ అంటే సరిపోతుంది. పక్కనున్న బర్మావాడి సంగతి మరీ ఘోరం. అతన్ని పంపింది జపాన్ అండతో నడుస్తున్న అతని సొంత ప్రభుత్వమే. యుద్ధ నేరాల చట్టం శత్రువు జనానికి చేసినదాన్ని చూస్తుంది. సొంత ప్రభుత్వం తన మనిషినే చావుకి అప్పగిస్తే అది చూడదు.

ఈ ఖాళీ గురించి లోకానికి అంతకుముందే తెలుసు. 1899లో హేగ్‌లో, రష్యా ప్రతినిధి మార్టెన్స్ పట్టుబట్టి, రాతలో లేని సందర్భాల్లో కూడా మానవత్వ నియమాలు మనుషుల్ని కాపాడతాయన్న వాక్యం పెట్టించాడు. 1915 మే 24న, ఆటోమన్ ప్రభుత్వం ఆర్మీనియన్లని ఊచకోత కోస్తుంటే బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా ఇది మానవాళిపైనా నాగరికతపైనా చేస్తున్న నేరమని ప్రకటించాయి. 1919లో ఆ మాటని చట్టం చేద్దామనుకుంటే, మానవత్వ నియమాలు అంటే ఏవో ఎవరికి తెలుసు, కొలత ఏది అని ఇద్దరు అడ్డం తిరిగారు. ఒకరు అమెరికా ప్రతినిధులు. రెండోవారు జపాన్ ప్రతినిధులు.

1945 జులై చివర, కేంబ్రిడ్జ్. క్రాన్‌మర్ రోడ్డులో ఒక ఇల్లు. గదిలో ఇద్దరు. ఒకరు అమెరికా తరపున నాజీల మీద కేసు నడపబోతున్న రాబర్ట్ జాక్సన్. రెండోవారు హెర్ష్ లాటర్‌పాక్ట్, అంతర్జాతీయ న్యాయశాస్త్ర ఆచార్యుడు, యూదుడు. పోలండ్‌లో ఉండిపోయిన తన తల్లిదండ్రులు ఏమయ్యారో ఆయనకి ఆ రోజుకి తెలియదు. నేరాల జాబితాకి శీర్షికలు పెడితే చదివేవాళ్ళకి తేలిగ్గా ఉంటుందని సలహా ఇచ్చారు ఆయన. సామాన్య జనం మీద జరిగిన అత్యాచారాలకి మానవాళిపై నేరాలు అన్న శీర్షిక సూచించారు. ఆగస్టు 8న లండన్‌లో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ సంతకం చేసిన చార్టర్‌లో ఆరో అధికరణం 'సి' ఖండం అయింది అది. హత్య, నిర్మూలన, బానిసత్వం, తరలింపు. ఏ పౌరులపైన జరిగినా సరే. ఆ మాట మళ్ళీ చదవండి. ఏ పౌరులపైన జరిగినా. మనవాడు మొదటిసారిగా ఒక చట్టంలో కనిపించాడు.

కానీ రెండు నెలలకే, అక్టోబరు 6న, బెర్లిన్‌లో నాలుగు దేశాల ప్రతినిధులు మళ్ళీ కూచున్నారు. ఇంగ్లీషు, ఫ్రెంచి ప్రతుల్లో ఆ ఖండం మధ్యలో ఒక సెమీకోలన్ ఉంది. రష్యన్ ప్రతిలో కామా ఉంది. రష్యన్ ప్రతే సరైనదని తేల్చి, సెమీకోలన్ తీసేసి కామా పెట్టారు. సెమీకోలన్ ఉన్నంతకాలం, హత్య, బానిసత్వం మొదలైనవి వాటంతట అవే నేరాలన్న అర్థానికి చోటుంది. కామా పడగానే చివర ఉన్న షరతు అన్నిటికీ చుట్టుకుంది. యుద్ధంతోనో, దురాక్రమణతోనో ముడిపడితేనే నేరం. శాంతికాలంలో ఒక ప్రభుత్వం తన జనాన్ని ఏం చేసినా ఈ చట్టం తలుపు తట్టదు.

కామా వెనక భయం ఉందని నా నమ్మకం. తమ దేశంలో కూడా మైనారిటీల పట్ల అప్పుడప్పుడు అన్యాయం జరుగుతోందని జాక్సన్ లండన్ సమావేశంలో ఒప్పుకున్నారు. బ్రిటన్‌కీ ఫ్రాన్స్‌కీ వలసలున్నాయి. సోవియట్‌లకి తమ క్యాంపులున్నాయి. ఎవరి ఇంటి గుట్టు వాళ్ళకి తెలుసు. అలా అని చార్టర్‌ని తీసిపారెయ్యలేం. న్యూరెంబర్గ్ కోర్టు 1946లో ఆ ఖండం కింద కూడా మనుషులకి శిక్షలు వేసింది. అప్పటిదాకా రాజుల పనిగా చెలామణి అయినది నేరం అయింది.

ఇప్పుడు సింగపూర్ రండి. 1946 జనవరి 21. బ్రిటిష్ సైనిక కోర్టు మొదటి కేసు పిలుస్తోంది. గొజావా సదాయిచీ, మరి తొమ్మిది మంది ముద్దాయిలు. బాధితులు పలావు దీవులకి తరలించిన భారతీయ సైనికులు. ఆస్ట్రేలియన్లో ఇంగ్లీషువాళ్ళో కాదు, మనవాళ్ళ కేసుతో సింగపూర్ విచారణలు మొదలయ్యాయి. మొత్తం 131 విచారణలు జరిగాయి. రైలు దారి మీద జరిగినవాటికి పెద్ద పెద్ద కేసులు నడిచాయి. కానీ ఆ కోర్టులకి అధికారం ఇచ్చిన 1945 జూన్ నాటి రాయల్ వారెంటులో ఉన్నది యుద్ధ చట్టాల ఉల్లంఘన ఒక్కటే. మానవాళిపై నేరాలు అన్న శీర్షిక అందులో లేదు. కూలీల విషయం కొన్ని కేసుల్లో వచ్చినా, బరువంతా ఖైదీల వైపే పడింది. అందులో కుట్ర వెతకక్కర్లేదు. ఖైదీల దగ్గర పేర్ల జాబితాలున్నాయి, తేదీలున్నాయి, ప్రమాణం చేసి చెప్పగల కల్నల్ ఉన్నాడు. మనవాడి తరపున అడగడానికి బాగన్ దాతో తోట చెక్‌రోల్ తప్ప ఏముంది?

టోక్యో. ఇచిగయా కొండ మీద పాత సైనిక మంత్రిత్వ శాఖ భవనం. 1946 మే 3న విచారణ మొదలైంది. దీపాల వేడి, చెవులకి అనువాద యంత్రాలు. బోనులో 28 మంది. న్యాయపీఠం మీద పదకొండు దేశాల న్యాయమూర్తులు, వారిలో కలకత్తా నుంచి వెళ్ళిన రాధాబినోద్ పాల్. ప్రాసిక్యూషన్ వైపు భారత్ తరపున మద్రాసు లాయరు పి. గోవింద మీనన్. ఇక్కడి చార్టర్‌లో మానవాళిపై నేరాలు ఉన్నాయి, బానిసత్వం ఉంది, తరలింపు ఉంది. మనవాడి కేసుకి సరిగ్గా సరిపోయే బట్ట. సెప్టెంబరులో బ్రిటిష్ కల్నల్ సిరిల్ వైల్డ్ సాక్ష్యం చెప్పాడు. ఎఫ్ ఫోర్స్ అనే 7,000 మంది ఖైదీల దళంతో పాటు దుభాషీగా ఆ దారి వెంట నడిచినవాడు. అదే నెలాఖరున హాంగ్‌కాంగ్ దగ్గర విమాన ప్రమాదంలో చనిపోయాడు.

1948 నవంబరు తీర్పులో బర్మా–సయాం రైలు దారి గురించి ఒక భాగం ఉంది. కూలీల గురించీ ఉంది. ఒక లక్షా యాభై వేలమందిని తెచ్చారని, కనీసం 60,000 మంది పోయారని. ఆ పేరా చదివితే ఇక శిక్ష ఈ నేరానికే అనిపిస్తుంది. కానీ కోర్టు మానవాళిపై నేరాలని విడిగా తీసి తేల్చలేదు. అంతా యుద్ధ నేరాల గంపలోనే పడింది. డిసెంబరు 23న ఉరి తీసిన ఏడుగురిలో ఒక్కరికి కూడా ఇది మానవాళిపై నేరమని విడిగా తీర్పు రాలేదు.

పాల్ ఒక్కరే అందరూ నిర్దోషులన్నారు. గెలిచినవాళ్ళు నేరం జరిగాక చట్టం రాయకూడదన్న ఆయన వాదనలో పస ఉంది. హిరోషిమా మీద బాంబు వేసినవాళ్ళని ఎవరు విచారిస్తారని అడగడంలో న్యాయం ఉంది. మన దేశంలో ఆయన పేరు చెబితే ఇప్పటికీ గౌరవమే. కానీ ఆ పాక ముందు నిలబడి వచ్చినవాడిగా నేను ఆయనతో ఏకీభవించలేను. చట్టం పాతదా కొత్తదా అన్న ప్రశ్న ముద్దాయికి ఎంత ముఖ్యమో, ఎవరో ఒకరు బాధ్యులని తేలడం చచ్చినవాడికి అంత ముఖ్యం. వలస పాలకుల మీద కోపంలో మన న్యాయమూర్తి మన కూలీని చూడలేకపోయారు.

నాలుగేళ్ళకి మన ప్రభుత్వమూ అదే చేసింది. శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పందంలో చేరకుండా, 1952 జూన్ 9న భారత్ జపాన్‌తో విడిగా సంధి చేసుకుంది. పరిహారం హక్కులన్నీ, భారత పౌరుల క్లెయిములతో సహా, వదులుకుంది. ఓడిన ఆసియా దేశాన్ని తొక్కకూడదన్న పెద్దమనసు అది. కానీ ఆ క్లెయిములు ఢిల్లీవి కావు. కొబ్బరితోటల్లో మిగిలిన విధవరాళ్ళవి, అనాథ పిల్లలవి. వాళ్ళని అడిగినవాళ్ళు లేరు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఈ చట్టం గూట్లో పడి ఉంది. మళ్ళీ తీసింది యుగోస్లావియా, రువాండా. 1993లో హేగ్‌లో ఒక కోర్టు, 1994లో రువాండాకి ఇంకొకటి. 1995 అక్టోబరు 2న టాడిచ్ కేసులో హేగ్ అప్పీలు న్యాయమూర్తులు, ఈ నేరానికి యుద్ధంతో ముడి అక్కర్లేదన్నది ఇప్పటికే ఆచారంగా స్థిరపడిందని చెప్పారు. బెర్లిన్ కామా పడి అప్పటికి యాభై ఏళ్ళు.

1998 జులై 17 రాత్రి రోమ్‌లో, ఆహార వ్యవసాయ సంస్థ భవనంలో ఉండండి. అయిదు వారాల చర్చల తర్వాత, అంతర్జాతీయ నేర న్యాయస్థానాన్ని నెలకొల్పే ఒప్పందం మీద ఓటు. అనుకూలం 120, వ్యతిరేకం 7, తటస్థం 21. హాల్లో జనం కుర్చీలు దిగి కౌగలించుకుంటున్నారు, ఏడుస్తున్నారు. ఏడో అధికరణం స్పష్టంగా ఉంది. పౌరుల మీద పెద్ద ఎత్తున గానీ, పద్ధతి ప్రకారం గానీ జరిగే దాడిలో భాగంగా, ఆ సంగతి తెలిసి చేసిన పదకొండు రకాల పనులు. యుద్ధం మాటే లేదు. బానిసత్వమంటే ఒక మనిషి మీద యజమాని హక్కు చెలాయించడం అని నిర్వచనం. భారత్ ఆ 21లో ఉంది. అణ్వాయుధ ప్రయోగాన్ని నేరంగా చేర్చమని మనం పెట్టిన సవరణని చర్చకే రానివ్వలేదు. భద్రతా మండలికి ఆ కోర్టు మీద అధికారం ఇవ్వడం మనకి నచ్చలేదు. ఈ రెండు అభ్యంతరాలూ ఉత్త సాకులు కావు. కానీ తటస్థంగా ఉండిపోయి పాతికేళ్ళు దాటింది.

జులై 17 తెలుగు నేలకి ఇంకోలా గుర్తు. 1985లో అదే తేదీన కారంచేడులో దళితుల్ని వెంటాడి చంపారు. ఆ రోజుల్లో హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉన్న కోనసీమ బిడ్డ బొజ్జా తారకం ఆ పదవి వదిలేసి బాధితుల పక్కన నిలబడ్డారు. ఆ పోరాటాల ఒత్తిడి మీదే 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఒక మనిషిని అతని కులం చూసి కొట్టడం మామూలు కొట్లాట కాదు, వేరే నేరం అని ఆ చట్టం ఒప్పుకుంది. ఆ మేరకు లాటర్‌పాక్ట్ ఆలోచనకి దగ్గరది. కానీ అధికారమే వెనక నిలబడి వేలమంది మీదికి మనుషుల్ని ఉసిగొలిపితే, దానికి తగిన పేరు మన శిక్షాస్మృతిలో ఇప్పటికీ లేదు.

ఈ మాట నాది కాదు. 2018 డిసెంబరు 17, ఢిల్లీ హైకోర్టు. 1984 సిక్కుల ఊచకోత కేసులో సజ్జన్ కుమార్‌కి యావజ్జీవం వేస్తూ జస్టిస్ ఎస్. మురళీధర్, జస్టిస్ వినోద్ గోయల్ 1915 ఆర్మీనియా ప్రకటన దగ్గర్నుంచి న్యూరెంబర్గ్ దాకా గుర్తుచేశారు. మానవాళిపై నేరాలు గానీ, జాతి నిర్మూలన గానీ మన దేశ చట్టంలో లేవని, ఈ కంత త్వరగా పూడ్చాలని రాశారు. అయిదున్నరేళ్ళ తర్వాత, 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. 358 సెక్షన్లు. మొత్తం కొత్తగా రాసే అవకాశం చేతిలో ఉండి కూడా ఆ కంతని అలాగే వదిలేశారు.

ఇంకో అవకాశం వస్తోంది. జాతి నిర్మూలనకి 1948 ఒప్పందం ఉంది, చిత్రహింసలకి 1984 ఒప్పందం ఉంది, మానవాళిపై నేరాలకి మాత్రం దేశాలన్నిటినీ కట్టేసే విడి ఒప్పందం ఇప్పటిదాకా లేదు. అంతర్జాతీయ న్యాయ సంఘం 2019లో ముసాయిదా పూర్తి చేసింది. 2024 డిసెంబరు 4న ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ, దాన్ని ఒప్పందంగా మలచడానికి 2028, 2029లో సమావేశాలు జరపాలని నిర్ణయించింది. ఈ ముసాయిదాలో కొత్త కోర్టు లేదు, భద్రతా మండలి పెత్తనం లేదు. రోమ్‌లో మనకి అడ్డొచ్చినవి ఇక్కడ లేవు. ప్రతి దేశం తన చట్టంలో ఈ నేరాన్ని రాసుకోవాలి, తన కోర్టుల్లోనే విచారించాలి, లేదా విచారించే దేశానికి అప్పగించాలి. అయినా మన ప్రతినిధులు ఇప్పటిదాకా దీనిమీద ఉత్సాహం చూపలేదు.

ఆ ముసాయిదా పన్నెండో అధికరణాన్ని మీరు ఒకసారి చదవాలి. నేరానికి గురైనవాళ్ళ మాట విచారణలో వినాలని, వాళ్ళకి జరిగిన నష్టానికి, డబ్బు నష్టానికే కాదు మనసుకి తగిలినదానికి కూడా, పరిహారం పొందే హక్కు ఉండాలని అందులో ఉంది. 1952లో ఢిల్లీ ఒక్క సంతకంతో వదిలేసినది సరిగ్గా అదే. 2028లో ఆ అధికరణం చర్చకి వచ్చినప్పుడు భారత ప్రతినిధి లేచి మాట్లాడాలి. బాధితుల హక్కుని ప్రభుత్వాలు వాళ్ళ తరపున వదులుకోవడానికి వీల్లేదని ఒక వాక్యం చేర్చమని అడగాలి. అలా అడగడానికి బర్మా–సయాం దారి మీద అన్ని వేలమందిని పోగొట్టుకున్న దేశం కంటే హక్కున్నవాళ్ళు తక్కువ. విదేశాంగ శాఖకి ఆ వాక్యం రాసి ఇప్పుడే పంపొచ్చు. మన పార్లమెంటు సభ్యుల్ని అడగొచ్చు. లా కాలేజీల పిల్లలు ముసాయిదా తెలుగులో పెట్టొచ్చు. మలేషియాలోని తెలుగు సంఘాల దగ్గరా, పాత తోటల దగ్గరా మిగిలిన చెక్‌రోల్ పుస్తకాలుంటే, 1943 ఏప్రిల్ తర్వాత ఎవరెవరి పేర్ల ఎదురుగా హాజరు ఆగిపోయిందో కూచుని రాసుకోవడం మొదలుపెట్టొచ్చు.